పగలంతా ఇంట్లో ఉండేవాళ్ల కళ్లతో ఇల్లు చూద్దాం



ఆదివారం పొద్దున ఫ్లాట్లు చూడడానికి బయల్దేరిన కుటుంబం సైటులో అడుగు పెట్టగానే అడిగే మొదటి మాట, "ఫేసింగ్ ఏది?" హైదరాబాదులో అయినా, విజయవాడ, విశాఖపట్నాల్లో అయినా ఇదే వరస. తూర్పు అనగానే ముఖాలు విప్పారతాయి. ఉత్తరమన్నా సరేనంటారు. పడమర అంటే కాస్త ఆలోచన. దక్షిణం అంటే చాలామంది చెప్పులు కూడా విప్పరు. తూర్పు ఫేసింగుకి చదరపు అడుగుకి ఇంత అని అదనంగా అడిగే బిల్డర్లున్నారు, బేరమాడకుండా ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

ఎవరి నమ్మకం వారిది. దాన్ని నేను ప్రశ్నించను. కానీ అపార్టుమెంటులో ఫేసింగు చెప్పేది సింహద్వారాన్ని బట్టి. ఆ ద్వారం తెరిస్తే ఎదురుగా కారిడారు, దాని అవతల ఎదురింటివాళ్ల తలుపు. పొద్దున్నే సూర్యుడు వచ్చే వేళకి కూడా అక్కడ ట్యూబులైటు వెలుగుతూ ఉంటుంది. ఆ ఇంటికి నిజంగా వెలుతురు తెచ్చే బాల్కనీ, హాలు కిటికీ చాలా ప్లాన్లలో ద్వారానికి సరిగ్గా వెనకవైపున, అంటే తూర్పు ఫేసింగు ఫ్లాటుకి పడమర దిక్కున పడతాయి. మే నెల మధ్యాహ్నం రెండు దాటాక కాగడం మొదలుపెట్టిన పడమటి గోడ రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని లోపలికి వదులుతూనే ఉంటుంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే ఉద్యోగికి ఆ బాధ సగమే తెలుస్తుంది. మధ్యాహ్నం ఆ హాల్లో నడుం వాల్చే అత్తగారికి, బడి నుంచి వచ్చి అక్కడే పుస్తకాలు పరుచుకునే పిల్లలకి మొత్తం తెలుస్తుంది.

నేను ఈ పూట చెప్పదలచుకున్నది ఇదే. ఇల్లు వెతికేటప్పుడు ఈఎంఐ కట్టే మనిషి కళ్లతో చూడడం మనకు అలవాటైంది. ధర, ఆఫీసుకి దూరం, రేపు అమ్మితే ఎంతొస్తుంది, ఇవీ ఆ మనిషి ప్రశ్నలు. అవి అడగాల్సినవే. కానీ ఆ నాలుగు గోడల మధ్య ఎక్కువ గంటలు గడిపేది ఇల్లాలు, అమ్మానాన్నలు, పసిపిల్లలు. వాళ్లు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. బ్రోచరులో వాటికి జవాబులు దొరకవు.

వెలుతురుతోనే మొదలుపెట్టాం కాబట్టి దాన్నే ఇంకాస్త చూద్దాం. ఫ్లాటు చూడడానికి పొద్దున పదింటికి మాత్రమే వెళ్లకండి. ఎండాకాలంలో మధ్యాహ్నం మూడింటికి ఒకసారి వెళ్లండి. లైట్లన్నీ తీసేయమనండి. మోడల్ ఫ్లాటులో ప్రతి మూలా ఒక దీపం పెట్టి ఉంచుతారు, అవి ఆరితేగాని ఆ గదికి సొంత వెలుగెంతో తెలియదు. కిటికీ దగ్గర నిలబడి పక్క స్థలం ఖాళీగా ఉందేమో చూడండి. ఉంటే, ఇవాళ మీకు కనిపిస్తున్న ఆకాశం రేపు అక్కడ లేవబోయే అయిదంతస్తుల వెనక్కి పోతుంది. అప్పుడు రెండు భవనాల మధ్య మిగిలే సందే మీ కిటికీకి దిక్కు.

కిటికీ పరిమాణానికీ ఒక లెక్క ఉంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం పొడి వేడి ప్రాంతాల్లో గది నేలలో కనీసం పదో వంతు, ఉక్కపోతగా ఉండే తడి వేడి ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీలు ఉండాలి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు పడకగది తీసుకోండి. పొడి ప్రాంతంలో నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు కిటికీతో లెక్క సరిపోతుంది. కోస్తా తీరంలో అయితే 20 చదరపు అడుగులు కావాలి. అయితే ఇప్పుడు ఎక్కడ చూసినా పక్కకి జరిపే కిటికీలే. రెండు రెక్కల స్లైడింగు కిటికీ ఎంత తోసినా సగమే తెరుచుకుంటుంది. వెలుతురు పూర్తిగా వచ్చినా గాలి సగమే వస్తుంది. రెక్కలు బయటికి తెరుచుకునే కిటికీలైతే గాలి మొత్తం వస్తుంది, అందుకే అది అడగాల్సిన విషయం. ఒక గోడకి కిటికీ ఉండి ఎదుటి గోడకి గాలి బయటికి పోయే దారి లేకపోతే, ఎంత పెద్ద కిటికీ పెట్టినా ఉక్కపోత తీరదు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో ఇంటి నడిమధ్యన ఆకాశం కనిపించేలా ఖాళీ ఉంచింది ఈ గాలి కోసమూ, వెలుతురు కోసమూనే.

ఇక వంటిల్లు. ఇక్కడ కాసేపు ఆగాలి. కొనేటప్పుడు అన్నిటికన్నా తక్కువసేపు చూసేది, కొన్నాక అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే.

మా బంధువుల కుటుంబం ఒకటి కొత్త అపార్టుమెంటు చూడడానికి వెళ్తూ నన్నూ రమ్మంది. మార్కెటింగ్ అబ్బాయి క్లబ్‌హౌసు, జిమ్ము, ఈతకొలను అన్నీ ఓపిగ్గా చూపించాడు. పెద్దావిడ మాత్రం వంటింట్లోంచి కదల్లేదు. "బాబూ, తాలింపు వేస్తే పొగ ఎటు పోతుంది నాయనా?" అని అడిగింది. "చిమ్నీ పెట్టించుకోవచ్చు ఆంటీ" అన్నాడతను. "కరెంటు పోతేనో?" అంది ఆవిడ. అతను కిటికీ వైపు చూశాడు. కిటికీ తెరుచుకునేది బాత్రూం పైపులు దిగే డక్టులోకి. పక్కన కోడలు మెల్లిగా, "అత్తయ్యా, గ్రైండరు ఎక్కడ పెడతామో కూడా అడగండి" అంది. ఆ ప్లానులో గ్రైండరుకి చోటు లేదు.

ఈ రెండు ప్రశ్నలూ ఆ ఫ్లాటు మొత్తానికి పరీక్ష లాంటివి. మన వంటలో ఎండుమిర్చి తాలింపు ఉంటుంది, చేపల పులుసు ఉంటుంది, వారానికోసారి దోసెలపిండి రుబ్బడం ఉంటుంది. వంటింటి కిటికీ బయటి గాలిలోకి తెరుచుకోవాలి. ఎగ్జాస్టు ఫ్యానుకి గోడలో రంధ్రం ముందే ఉండాలి. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేసిన ఓపెన్ కిచెన్లు ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి. రోజూ రెండుపూటలా తాలింపు వేసే ఇంట్లో ఆ ఘాటు సోఫా గుడ్డల్లోకి, పిల్లల యూనిఫారాల్లోకి ఎక్కుతుంది. మధ్యలో కనీసం ఒక గాజు తలుపైనా పెట్టుకునే వీలుందో లేదో చూసుకోండి.

గట్టు ఎత్తు వంట చేసే మనిషికి సరిపోతుందా? అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది. పొయ్యికీ సింకుకీ మధ్య కూరగాయలు తరిగేంత ఖాళీ ఉందా? మిక్సీకి, గ్రైండరుకి, ఫ్రిజ్జుకి వేరువేరు ప్లగ్గులున్నాయా? రెండో గ్యాసు సిలిండరు ఎక్కడ ఉంటుంది? ఆవకాయ జాడీలకి, బియ్యం బస్తాకి, పండగకి తప్ప బయటికి రాని పెద్ద గిన్నెలకి అటక ఉందా? వంటింటి వెనక ఉండే వాష్ ఏరియా, అంటే పెరటికి మిగిలిన చివరి ముక్క, మూడడుగుల వెడల్పయినా ఉంటే అంట్లు అక్కడ తోముకోవచ్చు, వాషింగ్ మిషను పెట్టుకోవచ్చు. బట్టలారేయడానికి ఎండ తగిలే చోటు మాత్రం విడిగా చూసుకోవాలి. హాలు ముందు బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని నియమం పెట్టే అసోసియేషన్లు ఉన్నాయి. వడియాలు, ఒరుగులు పెట్టుకోవడానికి డాబా మీదికి అందరినీ రానిస్తారా, తాళం వేసి ఉంచుతారా అన్నది కూడా అడగాలి. ఇవన్నీ చిన్న విషయాలని ఎవరైనా అంటే, వాళ్లు ఆ ఇంట్లో వంట చేయబోవడం లేదని నాకు అర్థమవుతుంది.

నీళ్ల సంగతికి వద్దాం. హైదరాబాదులో పాతకాపులు ఇప్పటికీ "మంజీరా కనెక్షనుందా, బోరేనా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. దానికి జవాబు సేల్స్ ఆఫీసులో వినడం కన్నా వాచ్‌మన్ని, అప్పటికే కాపురముంటున్న వాళ్లని అడిగి తెలుసుకోవడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి, ఆ ఖర్చు మెయింటెనెన్సులో కలిసి ఉందా, విడిగా వసూలు చేస్తారా? కుళాయి చివర, షవరు రంధ్రాల చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంటే ఆ నీళ్లలో కాఠిన్యం ఎక్కువ. గీజరు తొందరగా పాడవుతుంది, పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. సముద్ర తీరానికి దగ్గరగా అయితే బోరు నీళ్లు నోట్లో పోసుకుని రుచి చూడండి, ఉప్పదనం అక్కడికక్కడే తెలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం నాటి నుంచీ వాన నీటిని భూమిలోకి ఇంకించాలన్న మాట వింటున్నాం. ఇంకుడు గుంత ఎక్కడుందో చూపించమనండి. మట్టి, చెత్త పేరుకుని మూసుకుపోయిన గుంతయితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

నీళ్లు లేకపోవడం ఒక బాధయితే, నీళ్లు ఇంట్లోకి రావడం ఇంకొకటి. 2020 అక్టోబరులో హైదరాబాదు మీద కుంభవృష్టి కురిసినప్పుడు అప్పచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కింది కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఆ కాలనీల్లో ఇళ్లు కొనుక్కున్నవాళ్లు అత్యధికులు మనలాంటి మధ్యతరగతి, పేద కుటుంబాలవాళ్లే, జీవితకాలం కూడబెట్టిన సొమ్ము అక్కడ పెట్టినవాళ్లే. వాళ్లని తలచుకుంటే, ఇల్లు చూసేటప్పుడు గోడల రంగు కన్నా నేల ఎత్తు ముందు చూడాలని గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

హైదరాబాదు ప్రాంతంలో చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతని ఎఫ్‌టీఎల్ అంటారు. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫరుగా వదలాలి. చెరువుల పటాలు హెచ్‌ఎండీఏ దగ్గర ఉన్నాయి. 2024 జులైలో చెరువుల ఆక్రమణల్ని తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక ఈ ఎఫ్‌టీఎల్, బఫరు అన్న మాటలు ప్రతి ఇంట్లోనూ వినిపించాయి. బ్యాంకు లోనిచ్చింది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. బ్యాంకు చూసుకునేది తన అప్పు తిరిగొస్తుందా లేదా అని. మీ గడపలోకి నీళ్లు వస్తాయా రావా అన్నది మీరే చూసుకోవాలి. ఆ వీధిలో ఇరవై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్న పెద్దాయన్ని, "బాబాయ్, మొన్నటి పెద్ద వానకి ఇక్కడ ఎంతవరకు నిలబడ్డాయి నీళ్లు?" అని అడగండి. మోకాలు చూపిస్తాడో, నడుం చూపిస్తాడో.

వానాకాలంలో ఇల్లు చూస్తే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో మీ కళ్లతోనే చూడొచ్చు, ఇంకో లాభం కూడా ఉంది. చెమ్మ అప్పుడే బయటపడుతుంది. బాత్రూంకి ఆనుకున్న గోడ అవతలి వైపు, కిటికీ కింద, పై అంతస్తువాళ్ల బాత్రూం కిందుండే సీలింగు, ఈ మూడు చోట్లా చెయ్యి పెట్టి చూడండి. పాత ఫ్లాటులో ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకని అడగండి. ఫాల్స్ సీలింగు వెనక ఏముందో చూడడానికి ఒక్క పలక తీయించమనండి. సాయంత్రం పూట కూడా ఒకసారి వెళ్లండి, ముఖ్యంగా పెళ్లిళ్ల సీజనులో. పక్క సందులో ఫంక్షన్ హాలుంటే డీజే చప్పుడు ఎంతదాకా వస్తుందో అప్పుడే తెలుస్తుంది. పదో తరగతి చదివే పిల్లలున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు ఇక్కడ ఫ్లాటు కొని అమ్మానాన్నల్ని అందులో ఉంచడం మన ఊళ్లలో మామూలైపోయింది. వీడియో కాల్లో చూస్తారు, డబ్బు పంపిస్తారు. అదే పిల్లలు అమెరికాలో ఇల్లు కొంటే, సంతకానికి ముందు హోమ్ ఇన్‌స్పెక్టరుని పిలిచి పైకప్పు నుంచి పునాది దాకా పరీక్ష చేయించి నివేదిక తీసుకుంటారు, అక్కడది ఆనవాయితీ. ఇక్కడ కూడా తెలిసిన సివిల్ ఇంజినీరుకి ఫీజిచ్చి ఒక పూట తీసుకెళ్లొచ్చు. కోటి రూపాయల ఫ్లాటుకి ఆ ఫీజు ఏపాటిది? ఇక క్లబ్‌హౌసు, ఈతకొలను చూసి ముచ్చటపడి కొన్న ఫ్లాటులో ఉండబోయేది డెబ్బై ఏళ్ల నాన్నగారు. ఆయనకి కావలసినవి వేరు.

ఆయనకి కరెంటు పోయినా జనరేటరు మీద నడిచే లిఫ్టు కావాలి. అత్యవసరమైతే స్ట్రెచరు పట్టే లిఫ్టు ఉంటే ఇంకా మంచిది. బాత్రూంలో జారని పలకలు, పట్టుకోవడానికి కడ్డీ బిగించే గట్టి గోడ కావాలి. ఇప్పుడు బాత్రూం తలుపుల్ని రెండున్నర అడుగులకి కుదించేస్తున్నారు. చట్రం పోగా మిగిలేది రెండడుగుల చిల్లర, చక్రాల కుర్చీ వెడల్పు దాదాపు అంతే. చక్రాల కుర్చీ సులువుగా లోపలికి వెళ్లాలంటే తలుపు దగ్గర అడ్డంకి లేకుండా 90 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. ఇంత వెడల్పు పెట్టమని కట్టే దశలోనే అడిగితే పెట్టిస్తారు, గోడ లేచాక అడిగితే పగలగొట్టాలి. సాయంత్రం నలుగురితో కూచుని మాట్లాడుకోవడానికి కింద నీడపట్టున ఒక బల్ల ఉందా అని కూడా చూడండి. పాత ఇళ్ల అరుగు మీద జరిగిన పని ఇప్పుడు ఆ బల్ల మీద జరగాలి.

కొలతల గురించి క్లుప్తంగా చెప్తాను. 1,500 చదరపు అడుగులని చెప్పిన ఫ్లాటులో కార్పెట్ ఏరియా 1,100కి దగ్గరగా తేలడం మామూలే. మిగతాదంతా బయటి గోడల మందం, బాల్కనీ, మెట్లు, లిఫ్టు, కారిడారులో మీ వాటా. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా చట్టం, కార్పెట్ ఏరియాని స్పష్టంగా నిర్వచించింది. లోపలి అడ్డుగోడలు కలుస్తాయి. బయటి గోడలు, డక్టులు, బాల్కనీలు కలవవు. ధర ఏ లెక్కన చెప్పినా సరే, కార్పెట్ ఏరియాతో భాగించి చూసుకోండి, రెండు ఫ్లాట్లని పోల్చే పద్ధతి అదొక్కటే. తర్వాత యూడీఎస్, అంటే స్థలంలో మీ పేరున రాసే విడదీయని వాటా, ఎన్ని గజాలో అడగండి. భవనానికి వయసు వస్తుంది. పడగొట్టి మళ్లీ కట్టే రోజున మీ చేతిలో ఉండేది ఆ గజాలే.

500 చదరపు మీటర్లు మించని స్థలంలో ఎనిమిదికి మించని ఫ్లాట్లు కట్టేవాళ్లకి రెరా రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కాబట్టి చిన్న వీధిలో చిన్న అపార్టుమెంటు కొనేవాళ్లు ప్లాను మంజూరునీ, లింకు డాక్యుమెంట్లనీ, ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టునీ (ఈసీ), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టునీ లాయరు చేత మరింత జాగ్రత్తగా చూపించుకోవాలి. పెద్ద ప్రాజెక్టు అయితే రెరా నంబరు లేకుండా "ప్రీలాంచ్ ఆఫర్" పేరుతో డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. నంబరున్నా, అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ఫ్లాటు ధరలో పదో వంతుకి మించి తీసుకోకూడదు. అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణంలో లోపం బయటపడి మీరు చెబితే, 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. అందుకే గోడ చీలిందని, బాత్రూం కారుతోందని తెలిసిన రోజునే కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

వంటింటి కిటికీ బయటికి తెరుచుకుంటుందన్నారు, వాష్ ఏరియాలో కుళాయి ఇస్తామన్నారు, బాత్రూం తలుపు వెడల్పు చేస్తామన్నారు. ఇవన్నీ నోటిమాటలుగా మిగలకుండా అగ్రిమెంటులోని స్పెసిఫికేషన్ల పేజీలోకి ఎక్కాలి. సంతకానికి ముందు ఆ పేజీని ఇంట్లో అందరికీ తెలుగులో చదివి చెప్పండి, అమ్మకి, అత్తగారికి కూడా. వాళ్లు అడిగిందేదైనా అందులో లేకపోతే రాయించండి. ఫ్లాటు చూసినరోజు చేతిలో పెట్టిన ఆ రంగుల బ్రోచరుని, మోడల్ ఫ్లాటులో మీరు తీసుకున్న ఫొటోలని జాగ్రత్తగా దాచండి. ప్రకటనలో గాని, మోడల్ ఫ్లాటులో గాని చూపించినదాన్ని నమ్మి డబ్బు కట్టాక అది తప్పని తేలి మీరు నష్టపోతే, రెరా చట్టం 12వ సెక్షను కింద నష్టపరిహారం అడగొచ్చు. ఆ ఫ్లాటే వద్దనుకుంటే కట్టిన డబ్బంతా వడ్డీతో సహా వెనక్కి అడిగే హక్కు కూడా మీకు ఉంది. ఆ రోజున మీకు ఆధారం ఆ బ్రోచరూ, ఆ ఫొటోలే. సేల్ డీడు ఉన్న ఫైల్లోనే వాటినీ పెట్టండి.